గచ్చిబౌలి పచ్చదనం ఏ రికార్డులో ఉంది?

2025 ఉగాది నాడు, మార్చి 30న, హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలి భూమిలోకి జేసీబీలు దిగాయి. విద్యార్థుల నిరసనలు, అరెస్టులు, హైకోర్టులో పిటిషన్లు, చివరకు ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు స్టే. ఆ ఐదు రోజులూ టీవీలకు అతుక్కుపోయి చూసినవారికి కూడా అసలు తగువు ఏమిటో తేటతెల్లం అయి ఉండకపోవచ్చు. అది విశ్వవిద్యాలయం భూమి అని కొందరు, కాదు ప్రభుత్వ భూమి అని కొందరు వాదించారు. అది అడవి అని కొందరు, రాళ్లూ పొదలూ తప్ప అక్కడ ఏమీ లేవని మరికొందరు అన్నారు. నిజానికి ఈ వాదనలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలగలిసిపోయాయి. భూమి ఎవరిది అన్నది మొదటిది, చట్టం దృష్టిలో అది అడవి అవునా కాదా అన్నది రెండవది, యజమాని తన భూమిని తన ఇష్టం వచ్చినట్టు వాడుకోవచ్చునా అన్నది మూడవది. ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క చట్టం, ఒక్కొక్క చరిత్ర ఉన్నాయి. మొదటి ప్రశ్నకు కోర్టులో దొరికిన జవాబునే మిగిలిన రెండింటికీ వర్తింపజేయబోవడం వల్లనే ఇంత గందరగోళం పుట్టిందని నా అభిప్రాయం.

ఇది అర్థం కావాలంటే గచ్చిబౌలి శివారుగా మారకముందు ఎలా ఉండేదో చూడాలి. నిజాం కాలంలో హైదరాబాదు నగరం చుట్టూ ఉన్న గ్రామాలు అత్రాఫ్‌బల్దా జిల్లా కింద ఉండేవి. వాటిలో చాలా భాగం సర్ఫెఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు ఆదాయం ఇచ్చే భూములు. 1949లో సర్ఫెఖాస్ ప్రభుత్వంలో కలిసిపోయింది. 1978లో నగరం చుట్టూ ఉన్న ప్రాంతమంతా వేరే జిల్లాగా ఏర్పడి, తరువాత రంగారెడ్డి జిల్లా అయింది. పరిపాలన ఎన్నిసార్లు మారినా నేల తీరు మాత్రం ఒకటే. చెరువు కట్ట కింద పల్లంలో వరి మడులు, కాస్త ఎగువన జొన్నా ఆముదమూ పండే ఎర్ర చెల్కలు, వాటికి పైన బండలతో నిండిన మెరక. దున్నడానికి పనికిరాని ఆ మెరకను పశువుల మేతకు వదిలేవారు. రెవెన్యూ లెక్కలలో దానికి కంచ అని పేరు. మడికీ చెల్కకూ పట్టాదారు ఉంటాడు, ఏటా పహాణీలో, అంటే సాగు లెక్కల దస్త్రంలో, పేరు ఎక్కుతుంది. కంచ మాత్రం ప్రభుత్వం పేర ఉండి, ఊరందరి వాడకంలో ఉంటుంది.

ఈ తేడా చిన్నదిగా కనిపించినా నగర శివార్ల రూపాన్ని నిర్ణయించింది ఇదే. ప్రభుత్వానికి ఒక్కచోట వందల ఎకరాలు కావలసి వచ్చినప్పుడల్లా, పట్టాదారులకు పరిహారం ఇచ్చి భూసేకరణ చేయడం కంటే కంచను కేటాయించడం తేలిక. నగరానికి ఆగ్నేయంగా ఉన్న రక్షణ పరిశోధన కేంద్రానికి ఆర్‌సీఐ (రీసెర్చ్ సెంటర్ ఇమారత్) అన్న పేరులో ‘ఇమారత్’ వచ్చి చేరింది ఇమారత్ కంచ నుంచే. పశ్చిమాన కంచ గచ్చిబౌలికి వచ్చిన అతిథి విశ్వవిద్యాలయం. 1972నాటి జై ఆంధ్ర ఉద్యమం తరువాత 1973లో కుదిరిన ఆరు సూత్రాల పథకంలో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఒక సూత్రం. దానికోసం రాజ్యాంగంలో 371ఇ అధికరణం చేర్చి, 1974లో పార్లమెంటు చట్టం చేసింది. ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడి ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో తరగతులు మొదలయ్యాయి. లింగంపల్లి దారిలో 2,300 ఎకరాలకు పైగా భూమిని రాష్ట్ర ప్రభుత్వం 1975లో ఒక లేఖ ద్వారా విశ్వవిద్యాలయానికి చూపించింది. ఆ రోజుల్లో అది ఊరికి దూరం. అంత భూమి ఎందుకని అడిగినవారు కూడా పెద్దగా ఉండి ఉండరు. అయితే ఆ లేఖ తరువాత జరగవలసిన హక్కుల బదిలీ రెవెన్యూ రికార్డులలో పూర్తిగా జరగలేదు. యాభై ఏళ్ల తరువాత తగువు అంతా వచ్చి నిలబడింది ఆ జరగని పని మీదనే.

తరువాతి పాతికేళ్లలో చుట్టూ ఉన్న లోకం మారిపోయింది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ, 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వచ్చాయి. 2002 జాతీయ క్రీడలకోసం బాలయోగి స్టేడియం కట్టారు. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ జీహెచ్‌ఎంసీలో విలీనమైంది. 2008లో ఔటర్ రింగ్ రోడ్డులో మొదటి భాగం గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వరకు తెరుచుకుంది. 2023 ఆగస్టులో పక్కనే ఉన్న కోకాపేటలో ప్రభుత్వ వేలంలో ఎకరం వంద కోట్ల రూపాయలు దాటింది. గొర్రెలు మేసిన మెరకకు గజాల లెక్కన ధర కట్టే రోజు వచ్చాక, ఆ నేల ఏ దస్త్రంలో ఏ పేరుతో ఉందన్నది అక్కడ ఏ చెట్టు ఉంది, ఏ పిట్ట ఉంది అన్నదానికంటే ముఖ్యమైపోయింది.

రికార్డే తలరాత

గచ్చిబౌలి చుట్టూ అయిదారు కిలోమీటర్లలో మిగిలిన పచ్చటి చోట్లను చూస్తే ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది. కొత్తగూడలోని బొటానికల్ గార్డెన్ సుమారు 270 ఎకరాలు. దాని చుట్టూ నాలుగు వైపులా ఐటీ భవనాలు లేచినా అది నిలబడింది, ఎందుకంటే అది నోటిఫై అయిన రిజర్వు ఫారెస్టు. రాష్ట్ర అటవీ చట్టం కింద ఒకసారి రిజర్వు అయిన భూమిని అటవీయేతర పనికి వాడాలంటే 1980నాటి కేంద్ర చట్టం ప్రకారం ఢిల్లీ అనుమతి కావాలి. దానికి ఆనుకొని పాలపిట్ట సైక్లింగ్ పార్కు కూడా అందుకే మిగిలింది. అక్కడి చెట్లు కంచ గచ్చిబౌలిలోని చెట్ల కంటే గొప్పవని కాదు. రెండుచోట్లా ఉన్నది ఒకే దక్కను పొదల నేల. గీత గీసిన శాఖ వేరు, అంతే.

చెరువుల కథ ఇంకొంచెం చిక్కు. దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు నీరిచ్చిన చెరువు. 2020 సెప్టెంబరులో దాని మీద తీగల వంతెన తెరిచారు. చెరువుకు నిండు నీటి మట్టం, అంటే ఎఫ్‌టీఎల్, ఒక హద్దు. దాని వెలుపల పది హెక్టార్లకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్‌గా వదలాలని 2012నాటి భవన నిబంధనలు చెబుతున్నాయి. కానీ తెలంగాణ చెరువులలో శిఖం పట్టాలు ఉంటాయి: నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు ఒకరిది, నీళ్లు నిండినప్పుడు ఆ నేల చెరువుది. సాగు ఉన్నంతకాలం ఈ రెండు హక్కులకూ పేచీ రాలేదు. సాగుపోయి ప్లాటు వచ్చాక, ఏడాదిలో కొన్ని నెలలు నీటి కింద ఉండవలసిన నేల శాశ్వతంగా కాంక్రీటు కిందికి వెళ్లింది. 2024 జులైలో చెరువుల, ప్రభుత్వ ఆస్తుల రక్షణకోసం హైడ్రా అనే సంస్థ ఏర్పడిన తరువాత దుర్గం చెరువు ఒడ్డు కాలనీలలో ఇళ్లకు నోటీసులు అంటించినప్పుడు, అక్కడివారు తెచ్చి చూపించినవి ఒకప్పుడు ప్రభుత్వ సంస్థలే ఇచ్చిన అనుమతి పత్రాలు. ఒక శాఖ హద్దు గీయడంలో ఆలస్యం చేసింది, మరో శాఖ అనుమతి ఇవ్వడంలో తొందరపడింది.

బండలకు అసలు శాఖే లేదు. ఖాజాగూడ గుట్టలు, దుర్గం చెరువు పక్క రాళ్లు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు. అప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా 1990లలో వారసత్వ కట్టడాలకోసం చేసిన 13వ నిబంధన కిందికి కొన్ని శిలాకృతులను కూడా తెచ్చింది. 2015లో ఆ నిబంధననే తొలగించారు. గచ్చిబౌలిలో బయోడైవర్సిటీ జంక్షన్ అనే కూడలి ఉంది. 2012 అక్టోబరులో హైదరాబాదులో జరిగిన అంతర్జాతీయ జీవవైవిధ్య సదస్సు గుర్తుగా పెట్టిన పార్కు వల్ల ఆ పేరు వచ్చింది. 2019 నుంచి ఆ కూడలిమీద ఫ్లైఓవర్ ఉంది. ఇప్పుడు జీవవైవిధ్యం అంటే అక్కడివారికి ట్రాఫిక్ గుర్తొస్తుంది.

నాలుగు వందల ఎకరాలు

ఇక అసలు తగువు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్రీడా అకాడమీల కోసమని ఐఎంజీ అకాడమీస్ భారత అనే సంస్థతో ఒప్పందం చేసుకొని, గచ్చిబౌలిలో 400 ఎకరాలు, శంషాబాద్ వైపు మామిడిపల్లిలో 450 ఎకరాలు ఇవ్వడానికి సిద్ధపడింది. ఆ 400 ఎకరాలు విశ్వవిద్యాలయం అధీనంలో ఉన్న నేలలోనివి. ప్రభుత్వం చెబుతున్న రికార్డు ప్రకారం, 2004 ఫిబ్రవరి 3న విశ్వవిద్యాలయం 534 ఎకరాల 28 గుంటలను అప్పగించి, దానికి బదులుగా గోపనపల్లిలో 397 ఎకరాల 16 గుంటలు తీసుకుంది. ఎకరాలు ఇచ్చి ఎకరాలు పుచ్చుకున్న ఈ మార్పిడి ఆనాడు పెద్ద వార్త కాలేదు. ప్రభుత్వం మారాక 2006లో కొత్త ప్రభుత్వం ఐఎంజీ ఒప్పందాన్ని రద్దు చేసింది. సంస్థ కోర్టుకు వెళ్లింది. ఆ కేసు రాష్ట్ర విభజనను కూడా దాటి సాగి, 2024 మార్చిలో తెలంగాణ హైకోర్టులో ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. అదే ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు సంస్థ అప్పీలును తోసిపుచ్చింది. తరువాత భూమి రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ టీజీఐఐసీ చేతికి వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇరవై ఏళ్ల వ్యాజ్యంలో కోర్టు తేల్చింది ప్రభుత్వానికీ ఐఎంజీకీ మధ్య ఉన్న వివాదాన్ని. ఆ కేసులో నెమళ్లు పక్షకారులు కావు, పొదలు సాక్ష్యం కావు. భూమి స్వభావం ఏమిటన్న ప్రశ్న దాని పరిధిలో లేదు. అందువల్ల “సుప్రీంకోర్టే మాది అని చెప్పింది” అన్న ప్రభుత్వ వాదన మొదటి ప్రశ్న వరకు బలమైనదే, కానీ అక్కడితో ఆగుతుంది. విశ్వవిద్యాలయ భూములతో ఉన్న హద్దు సంగతి కూడా అంతే. 2024 జులైలో విశ్వవిద్యాలయ అధికారుల సమక్షంలోనే హద్దులు నిర్ణయించామని టీజీఐఐసీ ప్రకటించింది. అలాంటి సర్వే జరగలేదని, ప్రాథమిక పరిశీలన మాత్రమే జరిగిందని విశ్వవిద్యాలయం 2025 మార్చి 31న బదులిచ్చింది. బఫెలో లేక్, పీకాక్ లేక్ తమ 400 ఎకరాలలో లేవని, పుట్టగొడుగు ఆకారంలో ఉన్న ప్రసిద్ధ బండను కాపాడతామని కూడా టీజీఐఐసీ చెప్పింది. చెరువు నీరు హద్దు బయట ఉన్నంత మాత్రాన సరిపోదు. దానిలోకి వాన నీరు పారే వాలు ఎటు ఉందో తేలకుండా ఆ హామీకి పూర్తి విలువ కట్టలేము.

అడవి అన్న రెండవ ప్రశ్నకు వద్దాం. కళ్లకు కనిపించేది పెద్ద అడవి కాదన్న మాట నిజం. దక్కను పొదల నేలలో ఎత్తయిన మానులు తక్కువ. సీతాఫలం, తంగేడు, రేల, మోదుగ, తుమ్మ, వాటి మధ్య బండలు, వానాకాలంలో గడ్డి. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో రెండు వందలకు పైగా పక్షి జాతులను నమోదు చేశారు. చుక్కల దుప్పులు, ముళ్ల పందులు, నక్షత్ర తాబేళ్లు, ఉడుములు అక్కడ తిరుగుతాయి. దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు, పాలపిట్ట రాష్ట్ర పక్షి, తంగేడు రాష్ట్ర పుష్పం. ఈ మూడింటికీ ఇలాంటి పొదల నేల ఇల్లే. రాష్ట్ర చిహ్నాలను గౌరవించడం వేరు, వాటి ఇంటిని ఏ దస్త్రంలో నమోదు చేయాలో నిర్ణయించడం వేరు అనుకోవాలేమో. నెమలి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్న పక్షి. కానీ ఆ చట్టం పక్షిని చంపకుండా కాపాడుతుంది గాని, అభయారణ్యంగా ప్రకటించనంతకాలం పక్షి నివసించే నేలకు తనంతట తాను రక్షణ ఇవ్వదు.

నేలకు రక్షణ వచ్చే దారి మరొకటి ఉంది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, రికార్డులో ఏ పేరు ఉన్నా, యజమాని ఎవరైనా, నిఘంటువు అర్థంలో అడవి అనిపించుకునే ప్రతి నేలకూ 1980నాటి అటవీ సంరక్షణ చట్టం వర్తిస్తుందని చెప్పింది. అలాంటి భూములను గుర్తించడానికి ప్రతి రాష్ట్రం నిపుణుల కమిటీ వేయాలని ఆనాడే ఆదేశించింది. చాలా రాష్ట్రాలలో ఆ పని దశాబ్దాలపాటు పూర్తి కాలేదు. 2023లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, నోటిఫై అయిన అడవులకూ 1980 నుంచి రికార్డులలో అడవిగా ఉన్న భూములకూ దాని పరిధిని కుదించింది. ఆ సవరణ మీద కేసు నడుస్తుండగా, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ప్రస్తుతానికి పాత నిర్వచనమే పాటించమంది. 2025 మార్చి 4న, నిపుణుల కమిటీలను నెలలోగా వేయమని రాష్ట్రాలకు మళ్లీ చెప్పింది. అదే నెల చివర కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టడం మొదలైంది. గుర్తింపు పని మొదలైన వేళ గుర్తించవలసిన నేలను చదును చేయవలసిన అవసరం ఏమొచ్చిందని సుప్రీంకోర్టు ధర్మాసనం అడగడం వెనుక ఉన్న లెక్క ఇదే.

ప్రభుత్వం వైపు వాదన కూడా తేలికగా కొట్టివేయదగినది కాదు. రెవెన్యూ రికార్డులలో ఇది ఎన్నడూ అడవి కాదు, వ్యాజ్యం వల్ల ఇరవై ఏళ్లు ఎవరూ ముట్టుకోకపోవడంతో పొదలు పెరిగాయి, అంతమాత్రాన అడవి అయిపోతే నగరంలో ఖాళీగా వదిలిన ఏ స్థలాన్నీ వాడుకోలేము అన్నది దాని సారం. ఇందులో ఒక నిజం ఉంది: ఈ పచ్చదనానికి కంచె అయింది ఏ అటవీ శాఖా కాదు, కోర్టు కేసు. యాజమాన్యం తేలనంతకాలం అమ్మేవారు లేరు, కొనేవారు లేరు, చెట్లు పెరిగాయి. యాజమాన్యం తేలిన ఏడాదిలోగా యంత్రాలు వచ్చాయి. అయితే అడవి వయసెంత అని గోదావర్మన్ నిర్వచనం అడగదు. ఇప్పుడు ఆ నేల ఎలా ఉందన్నదే అడుగుతుంది. ఎంత విస్తీర్ణంలో, ఎంత దట్టంగా చెట్లు ఉంటే అడవి అనాలన్న కొలబద్ద నిపుణులు నిర్ణయించవలసినదే తప్ప టీజీఐఐసీ గానీ విద్యార్థి సంఘాలు గానీ చెప్పేది కాదు.

మూడవ ప్రశ్న మీద ఎక్కువ చర్చ జరగలేదు, నా దృష్టిలో అదే అన్నిటికంటే సూటి అయినది. భూమి ప్రభుత్వానిదే అనుకుందాం, అది అడవి కాదనే అనుకుందాం. అయినా చెట్టు కొట్టాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకోసం చేసిన 2002నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. 50 హెక్టార్లు మించిన టౌన్‌షిప్‌కు 2006నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద ముందస్తు అనుమతి కావాలి. 400 ఎకరాలంటే సుమారు 162 హెక్టార్లు. సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న అడిగిన ప్రశ్నలలో ఇవి రెండూ ఉన్నాయి. ఆ రోజు సుప్రీంకోర్టు ఆదేశం మీద తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్ స్వయంగా వెళ్లి చూసి, వరుస సెలవుల రోజుల్లో భారీ యంత్రాలతో సుమారు వంద ఎకరాలు చదును చేశారని నివేదించారు. ఉగాది, మరునాడు రంజాన్, అంటే కార్యాలయాలు, కోర్టులు మూసి ఉన్న రోజులు. అనుమతులన్నీ చేతిలో ఉన్నవారు సెలవు రోజులను ఎంచుకోవలసిన అగత్యం ఏమిటో ఇంతవరకు ఎవరూ నమ్మదగినట్టు చెప్పలేదు. తరువాతి విచారణలలో, కొట్టేసిన వంద ఎకరాలను పునరుద్ధరించే ప్రణాళిక తెమ్మని, లేకపోతే బాధ్యులైన అధికారులు జైలుకు వెళ్లవలసి ఉంటుందని సుప్రీంకోర్టు హెచ్చరించింది. అభివృద్ధికి తాము వ్యతిరేకం కాదని, పర్యావరణంతో పొంతన కుదిరే సమగ్ర ప్రతిపాదన కావాలని 2025 ఆగస్టులో చెప్పింది.

ఈ కేసు చుట్టుపక్కల నివసించేవారికి ఏ విధంగా సంబంధించిందో కూడా చూడాలి. ఉద్యోగాలకోసం ఐటీ పార్కులు కావాలన్నది నిజమైన అవసరమే. గచ్చిబౌలిలో అద్దెకుండే వేలమంది తెలుగు యువతకు ఆ పార్కులే జీవనాధారం. కానీ అదే ప్రాంతంలో వాన పడితే మోకాలి లోతు నీరు నిలిచే రోడ్లు, వేసవిలో ట్యాంకర్ల మీద బతికే అపార్టుమెంట్లు కూడా ఉన్నాయి. మెరక మీద వాన నీటిని ఆపి నేలలోకి దింపే స్థలం తగ్గేకొద్దీ పల్లంలోని కాలనీకి వరద పెరుగుతుంది, బోరుకు నీరు తగ్గుతుంది. ఎకరా వంద కోట్ల లెక్కలో ఈ నష్టం ఏ పద్దు కింద రాయాలో వేలం నోటీసులో ఉండదు.

ఇక కమిటీలు తేల్చవలసిన జాబితా 400 ఎకరాలతో ఆగదు. విశ్వవిద్యాలయానికి చూపిన 2,300 ఎకరాలకు పైగా భూమిలో టాటా మౌలిక పరిశోధన సంస్థ వంటివాటికి పోయినది పోగా, మిగిలిన ప్రాంగణం అంతా 1975నాటి అదే లేఖ మీద నిలబడి ఉంది. గోపనపల్లి మార్పిడికి దారి ఇచ్చిన లొసుగు దానికీ వర్తిస్తుంది. 400 ఎకరాలకు హద్దురాళ్లు పాతే సర్వే ఎప్పుడు జరిగినా, ఆ రాళ్లకు అవతలి వైపు ఉన్న నేలను ఎవరి పేర రాస్తారు, అటవీ జాబితాలో చేరుస్తారా లేదా అన్న రెండు సంగతులూ అదే రోజు తేల్చవలసి ఉంటుంది.